దీనమ్మక్క ఆఖరి ఆవకాయ

కొన్నేళ్ళుగా ఒక ఆవకాయ జాడీ నా గుండెల మీద బరువుగా కూర్చుని ఉంది. నవ్వితే నవ్వండి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీతో చెప్తున్నాను. నేను ఎవరినీ చంపలేదు. ఎవరి ఆస్తీ కాజేయలేదు. అందరి ముందు, చప్పట్ల మధ్య, దేవుని మందిరంలో చేసిన పని ఇది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు, ఇప్పటికీ మెచ్చుకుంటున్నారు. అదే నా బాధ అని రాయబోయాను. కానీ నిజం చెప్పుకోవడానికే కదా కూర్చున్నాను. చాలాకాలం అది నాకు బాధ కాదు, సంతోషం.

మాది కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడిన కుటుంబం. బడిలో పాఠాలు చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. ఇల్లు ఏ.ఎస్. రావు నగర్‌లో, చర్చి కార్ఖానా అనే పేటలో. సంఘంలో చిన్నాపెద్దా అందరూ నన్ను టీచరమ్మ అంటారు. ఇచ్చే చెయ్యి నాదని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. జీతంలో పదోవంతు, అదే దశమ భాగం, ఏ నెలా తప్పించలేదు. మందిరంలో ఫ్యాన్లు మేమిచ్చినవే. రెక్కల మీద నా పేరూ మావారి పేరూ ఎర్ర రంగుతో రాయించాను. తీరా అవి తిరిగేటప్పుడు పేర్లు కనపడవని తెలిసొచ్చి, మైకు సెట్టు ఇచ్చినప్పుడు స్టీలు పలక మీద చెక్కించి గోడకి కొట్టించాను. ఇచ్చేదాన్నే, కాదనను. ఇచ్చిన ప్రతిసారీ ఎవరు చూశారో కూడా చూసుకునేదాన్ని.

దీనమ్మక్క అలా కాదు. ఆమె దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదు. భర్త జీవరత్నం అన్నయ్య ఏదో చిన్న ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. కాప్రాలో రెండు గదుల ఇల్లు, ఒక్క కొడుకు. కానీ సంఘంలో ఎవరు మంచం పట్టినా ఆమె అక్కడుండేది. జావ కాచిపెట్టేది, పక్క మార్చేది, పుళ్ళు కడిగేది, జడ వేసేది. తన రోజంతా తీసుకెళ్ళి ఎవరి గుమ్మంలోనో పెట్టి వచ్చేది. ఎవరైనా మంచి చీర పెడితే అది నెల తిరక్కుండా ఇంకొకరి ఒంటి మీద కనపడేది. మా ఇంటి నుంచి వెళ్ళిన పట్టుచీర కూడా అంతే. మందిరం ఊడ్చే ఆవిడ ఈస్టరుకి కట్టుకొచ్చింది.

ఆ చీర ఎందుకు పెట్టానో చెప్పాలి. మా అమ్మ దాదాపు ఏడాదిపాటు మా ఇంట్లో మంచాన ఉంది. నాకు బడి. సెలవు పెట్టొచ్చు, పెట్టలేదు. దీనమ్మక్క షేర్ ఆటోలో వచ్చి, రోజూ మధ్యాహ్నం అమ్మకి అన్నం కలిపి పెట్టి, ఒళ్ళు తుడిచి, పాటలు పాడి, నేను వచ్చే వేళకి వెళ్ళిపోయేది. ఆటో డబ్బులిచ్చినా పుచ్చుకునేది కాదు. ఆఖరి రోజు కబురందుకుని నేను పరుగెత్తుకొచ్చేసరికి అమ్మ తల ఆమె ఒళ్ళో ఉంది. అమ్మ కళ్ళు తెరిచి నన్ను చూసింది. చూసి, దీనమ్మ ఏదీ అని అడిగింది. ఆమె ఒళ్ళోనే పడుకుని. అదే అమ్మ ఆఖరి మాట.

ఆ రోజు నుంచి నేను దీనమ్మక్కని క్షమించలేదు. ఏం తప్పు చేసిందని? నేను చేయాల్సింది ఆమె చేసింది, అంతే. తప్పు చేసినవాళ్ళని క్షమించమని బళ్ళో పిల్లలకి వందసార్లు చెప్పి ఉంటాను. మనకి మేలు చేసినవాళ్ళని ఎలా క్షమించాలో నాకెవరూ చెప్పలేదు. నేను నేర్చుకోనూ లేదు. అమ్మ పోయాక జరిగిన ఆదరణ కూడికలో అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, అందరి ముందూ ఆమెని నిలబెట్టి దేవునికి స్తోత్రం చెప్పినప్పుడు నేను కూడా తల ఊపాను. పళ్ళు బిగించి ఊపాను.

కొన్నేళ్ళకి ఆమే మంచాన పడింది. ఊపిరితిత్తుల జబ్బు, బాగా ముదిరాక తెలిసింది. నేను చూడ్డానికి వెళ్ళింది ఒక్కసారి. యాపిల్ పళ్ళు పట్టుకుని, బయట ఆటోని ఆగమని చెప్పి వెళ్ళాను. ఆమె దిండుకి ఆనుకుని కూర్చుని, మూల అటక మీదున్న చిన్న పింగాణీ జాడీని చూపించింది. ఆ వేసవిలో ముక్కలు కొట్టించి, పీట మీద కూర్చుని, ఆయాసపడుతూ తనే కలిపిందట. మూతికి తన పసుపుపచ్చ నేతచీర ముక్క చింపి కట్టింది. ఎన్ని జాడీలు పెట్టినా ఊరందరికీ పంచేశానమ్మా, ఇదొక్కటి ఎవరికీ పెట్టను, ఇది ఆయనది, అంది. క్రిస్మస్‌కి తెరుచుకోమని ఆయనకి చెప్పిందట. అప్పటికి తను ఉండదని ఇద్దరికీ తెలుసు. కొడుక్కీ కోడలికీ చెప్పలేదట, ఏడుస్తారని. నువ్వు టీచరమ్మవి, దేన్నీ మర్చిపోవు, ఆయన బెంగలో పడి మర్చిపోతే క్రిస్మస్‌కి గుర్తుచెయ్యి అని నా చెయ్యి పట్టుకుని అడిగింది. అలాగే అక్కా అన్నాను. అంటూ గడియారం చూసుకున్నాను.

ఆటోలో వస్తూ నాకు కలిగిన భావం ఇప్పటికీ బాగా గుర్తుంది. ఆమెకీ నాది అనేది ఒకటుందన్నమాట. అన్నీ ఇచ్చేసే మనిషి దగ్గర ఇవ్వనిది ఒకటుంది. నాకు హాయిగా అనిపించింది. చావబోయే మనిషిని చూసి వస్తూ హాయిగా అనిపించింది.

వర్షాల్లో ఆమె చనిపోయింది. సమాధుల తోటలో జనం పట్టలేదు. ఒక్కొక్కరూ ముందుకొచ్చి, మా ఇంట్లో ఇలా చేసింది, మా నాన్నకి అలా చేసింది అని చెప్తుంటే పొద్దు వాలిపోయింది. నేను లెక్క వేసుకున్నాను. నేను పోతే ఏం చెప్తారు? ఫ్యాన్లిచ్చింది అంటారు.

మా సంఘంలో కోతకాల పండుగ నవంబరులో వస్తుంది. ఊళ్ళలో అయితే ధాన్యం తెస్తారు. ఇక్కడ ఎవరికి పొలాలున్నాయి? అయినా ప్రథమ ఫలాలని ఎవరికి తోచింది వాళ్ళు తెస్తారు. గుమ్మడికాయలు, కోడిపుంజులు, అరటి గెలలు, కేకులు, కుట్టిన దిండు గలీబులు. అన్నీ బల్ల మీద పెడతారు. అయ్యగారు చేతులు చాచి ప్రార్థన చేశాక అవి దేవునివి. పెట్టినవాళ్ళయినా తిరిగి తీసుకోకూడదు, కావాలంటే అందరితోపాటు వేలంలో పాడుకోవాలి. ఆరాధన అయ్యాక అక్కడే వేలం జరుగుతుంది. పెరట్లో కాసిన నిమ్మకాయని చీర ఖరీదుకి పాడతారు, పాడి మళ్ళీ బల్ల మీద పెట్టేస్తారు. బయటివాళ్ళకి పిచ్చిగా కనపడుతుందేమో. వచ్చిన డబ్బు బీదపిల్లల హాస్టలుకి పోతుంది. మాకది ఏడాదికొక సంబరం.

ఆ ఏడు జీవరత్నం అన్నయ్య కోడలు మౌనికకి అది మొదటి కోతకాల పండుగ. కాప్రాలోనే ఒక హిందువుల కుటుంబంలోని పిల్ల. వడ్రంగి దుకాణం వాళ్ళది. ఇష్టపడి పెళ్ళి చేసుకుని, అత్తగారు పోయాక ఇంటి బాధ్యతంతా మీద వేసుకుంది. ఇంట్లో ఉన్నవాటిలో మంచిది తీసుకురండి అని ముందు వారం అయ్యగారు చెప్పారు. మాలాంటి పాతవాళ్ళం ఆ మాట విని దుకాణంలో కొన్న కేకు తెస్తాం. ఆ పిల్ల నిజంగా ఇల్లంతా వెతికింది. అటక మీద జాడీ కనపడింది. అత్తమ్మ చేతి పచ్చడి కంటే మంచిదేముంటుంది అనుకుంది. మామగారు ఆరాధనలో పాడే బృందంతో పొద్దున్నే వెళ్ళిపోయాడు కాబట్టి అడగలేదు. తెచ్చి, తలమీద కొంగు కప్పుకుని, భక్తిగా బల్ల మీద పెట్టింది.

జాడీ మూతి మీద పసుపుపచ్చ గుడ్డ చూడగానే నేను గుర్తుపట్టాను. ఇక్కడ కాసేపు ఆగాలి. ఎందుకంటే ఇన్నేళ్ళుగా నేను నాకు చెప్పుకున్న కథలో ఈ వాక్యం లేదు. ఏదో పచ్చడి, ఏదో జాడీ అనుకున్నానని చెప్పుకున్నాను. కాదు. గుర్తుపట్టాను. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టక ముందే గుర్తుపట్టాను. లేచి రెండడుగులు వేసి, అమ్మాయ్, అది వెనక్కి తీసుకో అంటే అయిపోయేది. నాకు ఒప్పజెప్పింది ఆ పనే కదా? నేను పాటల పుస్తకం తెరిచి పెట్టుకుని కూర్చున్నాను.

వేలం మొదలైంది. పాడించేది కమిటీలోని దానియేలు. ఇక్కడివాడు, అందరినీ నవ్విస్తాడు. జాడీ ఎత్తి చూపించి, "దీనమ్మవ్వ చేతి తొక్కు. ఏందీ గిట్ల సల్లగున్నరు? జెర గట్టిగ పాడుండ్రి" అన్నాడు. వెనక బెంచీలోంచి జీవరత్నం అన్నయ్య గొంతు వినపడింది. తడబడుతూ ఒక మాట పాడాడు. అందరూ మురిపెంగా నవ్వారు. సొంత వస్తువు తనే పాడుకుంటున్నాడని. నేను చెయ్యెత్తి ఎక్కువ పాడాను. ఆయన లేచి నిలబడి ఇంకొంచెం పెంచాడు. నేను పెంచాను. ఎంతదాకా వెళ్ళిందో రాయను. ఆయన పింఛను ఎంతో నాకు తెలుసని మాత్రం రాస్తాను. నేను పాడిన ఆఖరి పాట దాన్ని దాటింది. అది కూడా కావాలనే.

జనం చప్పట్లు కొట్టారు. ఆయన నావైపు చూశాడు. నాకు తెలియదనే అనుకున్నాడు పాపం, దీనమ్మక్క నాకు చెప్పిందని ఆయనకి తెలియదు. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. అప్పుడే ముందు వరసలో కోడలు వెనక్కి తిరిగి, తను తెచ్చిన జాడీకి ఇంత ధర పలికిందని మొహమంతా వెలిగిపోతూ మామగారి వైపు చూసింది. ఆయన కోడలిని చూశాడు. చెప్తే ఇంతమందిలో ఆ పిల్ల తల ఎక్కడ పెట్టుకుంటుంది? నోరు మూసుకుని కూర్చున్నాడు. దానియేలు మూడోసారి అనేశాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. జాడీ ఇంటికి తెచ్చుకుని క్రిస్మస్‌కి తీసుకెళ్ళి ఇచ్చి ఉంటే, ఇవాళ ఇది రాసే పని ఉండేది కాదు. కానీ నాకు ఆ చప్పట్లు సరిపోలేదు. వేలం తర్వాత ప్రేమ విందు, అంటే అందరం కలిసి చేసే భోజనం. నేను లేచి, దీనమ్మక్క జ్ఞాపకంగా ఈ పచ్చడి సంఘమంతా తినాలి, నాకొక్కదానికే వద్దు అని ప్రకటించాను. అయ్యగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. నేనే గుడ్డ ముడి విప్పాను. ఆవపిండీ నువ్వులనూనె ఘాటు హాలంతా కమ్మింది. నేనే గరిటె పట్టుకుని వరసలో తిరిగాను. జీవరత్నం అన్నయ్య పళ్ళెం దగ్గరికి వచ్చి, అందరికీ వేసినంతే వేశాను. ఒక ముక్క, కాస్త గుజ్జు. ఇంకొంచెం వేయమంటాడేమోనని ఆగాను. అడిగితే బాగుండునని అనిపించింది నాకు. ఆయన అడగలేదు. పక్కనున్న కుర్రాళ్ళు పచ్చడి అదిరిందంటూ రెండోసారి వేయించుకున్నారు.

ఆయన ఆ ముక్క చాలాసేపు తిన్నాడు. తర్వాత అందరూ కుళాయి దగ్గర వరస కడితే ఆయన వెళ్ళలేదు. కొడుకు స్కూటరు వెనక ఎక్కి, ఎంగిలి చెయ్యి చొక్కాకి తగలకుండా పక్కకి పెట్టుకుని వెళ్ళిపోయాడు. గేటు దగ్గర నిలబడి చూశాను. గెలిచానని అనుకున్నాను. ఎవరి మీద? మట్టిలో ఉన్న మనిషి మీద.

ఖాళీ జాడీ నాతో వచ్చింది. అడుగున ఎర్రటి నూనె, పిండి, రెండు మూడు వెల్లుల్లి రెబ్బలు మిగిలాయి. ఆయన దానికోసం వస్తాడని నాకు అనిపించింది. అందుకే కడిగాను. మా పనమ్మాయిని ముట్టుకోనివ్వలేదు. వేడినీళ్ళు పోసి, సబ్బుతో, చింతపండుతో, మళ్ళీ సబ్బుతో తోమాను. డాబా మీద ఎండలో బోర్లించాను. ఇంత శ్రద్ధగా నేను మా అమ్మ గిన్నె ఎప్పుడూ కడగలేదు.

ఆ వారంలోనే ఆయన గుడ్డసంచి పట్టుకుని వచ్చాడు. సోఫా అంచున కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగాడు. మా వారి మోకాళ్ళ నొప్పుల గురించి అడిగాడు. తర్వాత జరిగిన మాటలు ఒక్కటీ మర్చిపోలేదు.

"చెల్లెమ్మా, ఆ జాడీ మీకు పనికిరాకపోతే తీసుకెళ్దామని వచ్చాను."

"అయ్యో, దానికేం భాగ్యం అన్నయ్యా" అని లోపలికి వెళ్ళి తెచ్చి చేతికిచ్చాను. ఆయన మూత తీశాడు. లోపలికి చూశాడు. వంగి, మొహం దగ్గరగా పెట్టుకుని వాసన చూశాడు.

"కడిగేశారా."

"శుభ్రంగా కడిగి ఎండబెట్టానన్నయ్యా."

"అడుగున కొంచెం నూనె ఉంటుందేమో అనుకున్నాను. క్రిస్మస్ రోజు కాస్త అన్నంలో..." మూత మళ్ళీ పెట్టేశాడు.

"ముందే చెప్తే ఉంచేదాన్ని కదా" అన్నాను.

ఆయన కాసేపు ఆ మాట గురించి నిజంగా ఆలోచించాడు. "అవును. నేనే చెప్పాల్సింది. పొరపాటు నాదే" అన్నాడు.

వెళ్ళబోయే ముందు, మాలో ఎవరింటికి వెళ్ళినా చేసినట్టే, లేచి నిలబడి ప్రార్థన చేశాడు. జాడీని చంకలో పెట్టుకునే చేశాడు. ఈ ఇంటివాళ్ళ ఇచ్చే మనసుని బట్టి నీకు స్తోత్రం తండ్రీ అన్నాడు. నేను గట్టిగా ఆమెన్ అన్నాను.

తర్వాత సంగతి నా చెవిన పడుతూనే ఉంది. తండ్రి క్రిస్మస్ రోజు ఖాళీ జాడీ ముందు పెట్టుకుని ఉత్త అన్నం తింటుంటే కొడుకు గుచ్చిగుచ్చి అడిగి విషయం తెలుసుకున్నాడు. పెళ్ళాం మీద అరిచాడు. మా అమ్మ ఆఖరి పచ్చడిని సంతలో పెట్టావన్నాడట. ఆ పిల్ల చర్చికి రావడం మానేసింది. జీవరత్నం అన్నయ్య ఒక్కడే వచ్చి వెనక బెంచీలో కూర్చుని వెళ్ళేవాడు. కనపడితే వందనాలు చెల్లెమ్మా అనేవాడు. రెండేళ్ళకి ఆయనా పోయాడు. ఆదరణ కూడికలో నేను మాట్లాడాను. బాగా మాట్లాడానన్నారు.

మరి నేను? ఆ ఏడు నుంచి ఇంకా ఎక్కువ ఇచ్చాను. పశ్చాత్తాపమా? అలా అని పేరు పెట్టుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. కోతకాల పండుగ ముందు వారం, ఇవ్వడం గురించి సాక్ష్యం చెప్పమని నన్ను పిలుస్తారు. నేను జాడీ కథ చెప్తాను. అవును, అదే కథ. చనిపోయిన ఒక సహోదరి పచ్చడిని పెద్ద ధరకి పాడి, నేను దాచుకోకుండా సంఘమంతటికీ వడ్డించానని. చెప్పేటప్పుడు నటిస్తున్నానని నాకు అనిపించదు. విన్న యవ్వనస్తులు కానుకల పెట్టె దగ్గరికి వెళ్తారు. నా అబద్ధం వల్ల హాస్టల్లో పిల్లలు కడుపునిండా తింటున్నారు. దేవుడు దీన్ని ఏ పద్దులో రాసుకుంటాడో నాకు తెలియదు. అడగడానికి భయం.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, మొన్న మా వీధి చివర కూరగాయల దుకాణం దగ్గర మౌనిక కనపడింది. చంకలో పిల్ల. నన్ను చూసి తప్పించుకుంటుందనుకున్నాను. దగ్గరికి వచ్చింది. అక్కడే, టమాటాల గంపల పక్కన, నా చెయ్యి పట్టుకుంది.

"ఆంటీ, ఆ జాడీ నేనే తెచ్చిన. మామయ్య పోయేదాంక ఒక్క మాట అనలే. అనుంటే మంచిగుండె. మీరు సుత తెల్వక పాడిన్రు, మీరు మంచి మనసుతోనే చేసిన్రు. నా వల్లనే గింత తక్లీఫ్ అయింది. నన్ను మాఫ్ చేయుండ్రి" అంది.

ఎదురుగా ఉంది. అడిగింది కూడా. మీకు తెలియదు కదా అని నా నోటికే అందించింది. నాకు తెలుసమ్మా అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టాను. "క్షమించానమ్మా. దేవుడు కూడా క్షమిస్తాడు" అన్నాను. అది కళ్ళు తుడుచుకుని, ఎన్నాళ్ళ బరువో దిగిపోయినట్టు నవ్వి, నా చేతికి ముద్దుపెట్టి వెళ్ళింది. నేను బీరకాయలు కొనుక్కుని ఇంటికొచ్చాను. వండాను. తిన్నాను కూడా.

ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదు. నాకు తెలుసు. బల్ల మీద చూసినప్పుడే తెలుసు. గరిటె పట్టుకున్నప్పుడు తెలుసు, సబ్బు పెట్టి తోమేటప్పుడు తెలుసు. ఇన్నేళ్ళలో ఈ మాట ప్రార్థనలో కూడా పైకి అనలేదు. ఇక్కడ రాశాను. రాసేసరికి ఊపిరి కొంచెం ఆడుతోంది. అలా ఆడటానికి నాకు హక్కు ఉందో లేదో మీరే చూసుకోండి. వెళ్ళి ఆ పిల్లతో చెప్పమని మీరు అంటారు. షేర్ ఆటో ఎక్కితే కాప్రా ఎంతసేపు! వెళ్తానని మాత్రం మీకు మాట ఇవ్వలేను. ఇంతకుముందు ఒకసారి అలాగే అక్కా అని మాటిచ్చిన మనిషినే నేను.